ముఢీకి టైమైంది

ఇంకా గంట ఉంది. గోడగడియారం నాలుగు కొట్టి ఊరుకుంది, తవిటమ్మ గుండె మాత్రం ఊరుకోలేదు. ఐదింటికి బుల్లమ్మ వస్తుంది. బరంపురంలో ఈ బిజిపూర్ వీధులన్నీ తిరిగి చేపలమ్ముకుని, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని, ఛత్రపూర్ బస్సెక్కే ముందు ఇటు వస్తుంది, వచ్చి ఆ గంపలోనే ముఢీని పెట్టుకుని సముద్రపొడ్డున తన ఊరు ఆర్యపల్లి తీసుకుపోతుంది. ఆదివారం కనక కొడుకు ధర్మలింగం లోపల ఫ్యాను కింద గురక పెడుతున్నాడు. కోడలు గౌరి మేడమీద ఆరిన బట్టలు తీస్తోంది, క్లిప్పులు ఒక్కొక్కటీ డబ్బాలో పడుతున్న చప్పుడు మెట్లమీదుగా దిగి వస్తోంది. ఆ బట్టల్లో తన దుప్పటి ఉంది, తన లంగాలు మూడున్నాయి, ఆ సంగతి తవిటమ్మకి తెలుసు, గౌరికి తెలుసు, మూడో మనిషికి తెలియదు. వెనక వరండాలో ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో తను, ముందు వాకరు, పక్కన వీధిలోకొచ్చే ఆవుకి పొద్దున్నే కలిపిపెట్టే తవుడు డబ్బా, ఎదురుగా ఇనపతీగల పెట్టె, ఆ పెట్టెలో తన పాత చీరముక్క మీద చుట్టుకుని పడుకున్న ముఢీ. ఎంతుంటుందని, రెండు గుప్పిళ్ళంత కుక్కపిల్ల. పొమేరియన్ అన్నారు, ఎంత పెరిగినా పిల్లిని మించదన్నారు. తెల్లగా, ఊదితే ఎగిరిపోయేలా ఉందని గౌరి దానికి ముఢీ అని పేరు పెట్టింది, ఒడియాలో మరమరాలని. తిండివస్తువు పేరు కుక్కకి పెట్టడమేమిటని మొదట్లో తవిటమ్మ ముక్కు విరిచింది, విరిచి, తన పేరు గుర్తొచ్చి ఊరుకుంది. తనకంటే ముందు పుట్టిన ముగ్గురూ పురుట్లోనే పోతే, పాత్రపూర్ పక్క పల్లెలో తన తల్లి, పుట్టిన పదోరోజున తనని చేటలో పడుకోబెట్టి పక్కింటామెకి ఇచ్చేసి, మళ్ళీ గుప్పెడు తవుడు ఆమె చేతిలో పోసి తీసుకుందట. ఇచ్చేసిన పిల్లని దేవుడు వెతకడని నమ్మకం. తవుడికి తీసుకున్నందుకు తవిటమ్మ. గుప్పెడు తవుడు చేసిన ఆ పిల్లకి ఇప్పుడు డెబ్బయి మూడేళ్ళు.

ఎదురుగా ఉన్న ఆ పెట్టెకి ఇంట్లో మూడు పేర్లు. గౌరి అక్క బదిలీ అయి వెళ్ళిపోతూ కుక్కపిల్లనీ దాన్నీ కలిపి అప్పగించింది, క్రేట్ అంటారని చెప్పింది. ధర్మలింగం బోను అన్నాడు. కోర్టులో గుమాస్తా వాడు, రోజూ బోనులు చూసే కళ్ళు, మొదటిరోజే వంగి తీగల్లోంచి చూసి, "ముద్దాయి ఏటంటాడు" అని నవ్వాడు, ఆనాటినుంచి ముఢీ వాడి నోట ముద్దాయే. తవిటమ్మకి బోను అంటే ఎలకల బోనే గుర్తొచ్చి మనసొప్పలేదు. గౌరి ఆ పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూచుని, బిస్కెట్టు తునక లోపల పెట్టి, "బస, బస" అనేది, ఒడియాలో కూచోమని. కుక్కనైతే బస్ అంటే చాలు, గౌరి మాత్రం ఇంటికొచ్చిన మనిషితో అన్నట్టు బస అనేది, కుక్కనైనా మన్నించి పిలిచే పిల్ల. తవిటమ్మకి ఒడియా రాక కాదు, ఆ నేలమీద పుట్టిన వాళ్ళకి రెండు భాషలూ పాలతోనే వస్తాయి, కాని తెలుగు చెవి తెలుగు చెవే, ఆ మాట దానికి బసలాగే పడింది, ఊరుగాని ఊళ్ళో తలదాచుకునే చోటు. "నీ బసలోకి ఎల్లమ్మా" అని తనూ అనడం మొదలుపెట్టింది. ఒకరు బస అంటే కూచోవాలి, ఇంకొకరు బస అంటే పెట్టెలోకి పోవాలి, నాలుగు నెలల పిల్ల ఏం చెయ్యగలదు. నాలుగు రోజులు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఐదోరోజున రెండూ కలిపేసింది. బస అని ఎవరన్నా సరే, గబగబా పెట్టెలోకి వెళ్ళి, వెనక్కి తిరిగి, బుద్ధిగా కూచునేది. గౌరి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "మన ముఢీ బరంపురం కుక్క అయిపోనాది మా" అంది. అత్తని మా అని పిలుస్తుంది గౌరి, తన తల్లిని పిలిచినట్టే. పెళ్ళయిన కొత్తలో ఆ పిలుపు తవిటమ్మకి కొరుకుడు పడేది కాదు. ఒడియా పిల్లని చేసుకున్నాడని కొడుకు మీద ఉన్న కోపమంతా ఆ ఒక్క అక్షరం మీద పెట్టుకుని ఏడాదిపాటు పలక్కుండా తల మాత్రం ఊపేది. ఎంత మూర్ఖత్వం, ఎన్ని రోజులు వృథా అయిపోయాయి, ఆ పిలుపు ఇప్పుడు ఒక్కపూట వినకపోతే ఏదోలా ఉంటుంది.

గౌరికి ఈ కుక్క చదువంతా ఎక్కడ అబ్బిందో, ఫోనులో చూసిందో, అక్కే నేర్పిందో. పెట్టె మరీ పెద్దదైతే ఓ మూల పడుకుని ఓ మూల తడుపుతుందని, సగానికి అట్టముక్క అడ్డం కట్టింది. తన పడక తను తడుపుకోదట కుక్క, ఎంతసేపైనా ఉగ్గబట్టుకుంటుందట, అందుకని ఆ ఉగ్గబట్టడం దానికి నరకం కాకముందే మనం తలుపు తియ్యాలట. తిన్నాక ఒకసారి, నిద్ర లేచాక ఒకసారి, ఆడి అలిసాక ఒకసారి, అవేవీ లేకపోయినా రెండు గంటలకోసారి, అదే జామచెట్టు కిందికి, అదే దారిన. బయట పోస్తే ఆ క్షణంలోనే మెచ్చుకోవాలి. లోపల పోస్తే తిట్టకూడదు, మూతి తీసికెళ్ళి అందులో రాయకూడదు, ఎవరూ ఏమీ అనకుండా వెనిగరు కలిపిన నీళ్ళతో తుడిచెయ్యాలి, వాసన కూడా మిగలకుండా. "చిన్నజాతి కదా మా, దానికి లోపల జాగా తక్కువ. దాని దోషం ఏటీ నేదు. టైము మనమే సూడాల" అని గౌరి అన్నప్పుడు తవిటమ్మ కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది, తలెత్తలేదు. వంటింట్లో కాలెండరు పక్కన ఒక కాగితం అంటించింది గౌరి, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, రెండు, నాలుగు, అలా పడుకునేదాకా, ప్రతిదాని పక్కనా చిన్న గీత. ఇవాళ నాలుగింటి గీత ముందే పడిపోయింది, అరగంట ముందే తిప్పుకొచ్చి పెట్టెలో పడుకోబెట్టి వెళ్ళింది గౌరి, బుల్లమ్మ వచ్చేదాకా హాయిగా నిద్రపోనీ అని. అంటే ఐదున్నరకి మళ్ళీ టైము. ఐదున్నరకి ముఢీ ఏ బస్సులో ఉంటుంది, ఎవరు తలుపు తీస్తారు దానికి, గంపకి తలుపే ఉండదు కదా.

బుల్లమ్మ చెడ్డది కాదు, అది అనుకోకూడదు. పదేళ్ళుగా ఈ గుమ్మంలో చేపల గంప దించుతున్న మనిషి, తవిటమ్మ పడిపోయి తుంటి విరిగినప్పుడు ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన కూచుని తన కొంగుతో విసిరిన మనిషి. మనవరాలు కుక్కపిల్ల కావాలని ఏడుస్తోందట. "మా కాడ బోనులేటీ ఉండవు అప్పా, ఇసకంతా దానిదే" అంది, ఎంతో ప్రేమగానే అంది. ఆ ఇసకమీద ఆరబెట్టిన చేపల కోసం కొట్టుకునే కుక్కలని తవిటమ్మ చూసింది, దూడలంతేసి, ఒక్కోదానికి సగం చెవి ఉండదు. ఫ్యాను కింద పడుకుని ఈగ వాలితే ఉలిక్కిపడే ఈ మరమరాల పిల్ల ఆ గుంపులో ఎన్నాళ్ళు బతుకుతుంది. ఇదంతా ఎందుకయింది, దివాను తడిసినందుకు. దివాను ఎవరు తడిపారు. తవిటమ్మ చీరకుచ్చెళ్ళు గుప్పిట్లో పట్టుకుని తీగల్లోంచి ముఢీ వంక చూసింది. కోర్టులో నేరం చేసినవాణ్ణి నిలబెట్టేదాన్నీ బోనే అంటారు. ముఢీ నిద్రలో ఒక కాలు ఆడించింది.

ఆసుపత్రిలో మూత్రానికి గొట్టం పెట్టారు ఇరవై రోజులు. గొట్టం తీసేశాక లోపల ఏదో తాళం పోయినట్టయింది, వస్తోందని తెలిసేసరికి వచ్చేసేది. డాక్టరు మంచివాడే, రెండు గంటలకోసారి గడియారం చూసుకుని వెళ్ళాలమ్మా, వచ్చేదాకా ఆగకూడదు, నీళ్ళు మాత్రం మానకూడదు, మెల్లగా అదే అలవాటవుతుందన్నాడు. తవిటమ్మకి తల కొట్టేసినట్టయింది. నలుగురు పిల్లలకి స్స్‌స్స్ అని ఈలవేసి పోయించిన చేతులివి, తనకి ఇప్పుడు గడియారం చూసి పోయిస్తారా. ఇంటికొచ్చిన రెండోరోజు గౌరి, "మా, బాత్రూంకి ఎల్దామా" అని మెల్లగా అడిగితే, "నాను పసిపిల్లనా" అని అంత గొంతేసుకుని అరిచింది. గౌరి మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత వారానికేమో ముఢీ వచ్చింది.

అక్కడ తవిటమ్మ ఆలోచన ఆగింది. ఆగి, వచ్చిన దారినే ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ తర్వాత వారానికి ముఢీ వచ్చింది. ముఢీ వచ్చినప్పటినుంచి రెండు గంటలకోసారి గౌరి వరండాలోకి వచ్చి, "ముఢీకి టైమైంది మా, నువ్వూ రా, నువ్వు సీటీ కొడితే గానీ అది పొయ్యదు" అని పిలిచేది. నిజమే కదా అనుకుంది తను, గొప్పగా అనుకుంది, స్స్‌స్స్ అని తను ఈల వేస్తే ముఢీ కాలు మడిచి పోసేది, ఆ ఈల గౌరికి రాదు పాపం అనుకుంది. వాకరు పట్టుకుని జామచెట్టు దాకా పది అడుగులు, అక్కణ్ణించి వస్తూ దారిలోనే బాత్రూము, "ఎలాగూ లేచావు కదా మా" అని తలుపు తీసి పట్టుకునేది గౌరి. తను లోపలికి వెళ్ళగానే బయట కొళాయి తిప్పేది, నీళ్ళు బకెట్లో దడదడా పడేవి. ప్రతిసారీ. పొద్దున ఆరింటికీ, ఎనిమిదింటికీ, పదింటికీ, ఈ పిల్ల ఇన్నిసార్లు బకెట్టు నింపుతుందేమిటి, నీళ్ళు వృథా అని ఒకసారి కసురుకుంది కూడా. నీళ్ళ చప్పుడు. స్స్‌స్స్ అన్న ఈలకి అక్క. ఓరి భగవంతుడా. ఆ కాగితం మీద గీతలు ఎవరికి పెట్టినట్టు. ముఢీకి గిన్నెలో నీళ్ళు పోసినప్పుడల్లా పక్కనే ఒక గ్లాసు తెచ్చి, "ఇద్దరూ తాగండి, పోటీ" అని నవ్వే పిల్ల ఎవరిని తాగించినట్టు. ఎవరూ ఏమీ అనకుండా తుడిచెయ్యాలి, వాసన కూడా మిగలకుండా. దోషం ఏటీ నేదు, టైము మనమే సూడాల. పప్పులో రాళ్ళు ఏరుతున్న అత్తకి వినపడేలా చెప్పిన మాటలవి, కుక్కని అడ్డం పెట్టుకుని. ముందే అనుకుని కుక్కని తెచ్చిందో, వచ్చాక తట్టిందో తెలియదు, ఏదైనా సరే, రెండున్నర నెలలుగా తనకి తలవంపు కాకుండా తనని కాపాడుకొస్తోంది ఆ పిల్ల. తవిటమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. నా తల్లీ, నా బంగారు తల్లీ అనుకుంది, ఎప్పుడూ పైకి అనని మాట.

అలాంటి పిల్లకి తను చేసినదేమిటి. మొన్న బుధవారం పొద్దున, ముందుగదిలో దివాను మీద కూచుని వార్తలు చూస్తూ, టైము దాటిపోతోందని తెలిసి కూడా, ఈ ఒక్కటీ అయ్యాక లేద్దామని ఆగింది. ఆగితే అయిపోయింది. లేచి, దిండు దానిమీదికి జరిపి, వాకరు పట్టుకుని వచ్చేసింది. కోర్టుకి బయల్దేరుతూ ధర్మలింగం ఆ దిండు తీసి అక్కడే కూచున్నాడు, మేజోళ్ళు తొడుక్కోడానికి. లేచేసరికి బూడిదరంగు ప్యాంటు వెనక పెద్ద మచ్చ. అంతకుముందు రెండుసార్లు వరండాలో తడి ఉంటే, అది ముఢీదో తనదో తనకే సరిగ్గా తెలియదు, ఇది మాత్రం తెలుసు. "ఇది మూడోసారి. ఆ ముద్దాయిని ఇంక ఉంచీది నేదు" అని ధర్మలింగం కేకలేస్తుంటే గౌరి వంటింట్లోంచి పరుగున వచ్చి, "ముఢీ కాదు, నాను ఇప్పుడే క్రేట్ తీసినాను" అంటూ, తల తిప్పి తవిటమ్మని చూసింది. తవిటమ్మ కుచ్చెళ్ళు గుప్పిట్లో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఒక్క క్షణం. గౌరి కళ్ళు దించుకుని, "కాదులే, నానే సరిగా సూడనేదు" అంది. తవిటమ్మ నోరు తెరవలేదు. ముఢీ తోకాడిస్తూ ధర్మలింగం మేజోడు పట్టుకుంది. ఆ సాయంత్రమే వాడు బుల్లమ్మకి మాటిచ్చేశాడు. నాలుగు రోజులుగా గౌరి ముఢీని ఒళ్ళో పెట్టుకుని దువ్వుతోంది, ఒక్క మాట అనలేదు. ఒక్క మాట అంటే కుక్క మిగిలేది, అత్త పరువు పోయేది. ఆ పిల్ల కుక్కని వదులుకుంది.

తను వదులుకున్నది ఏమిటి తన రోజుల్లో. ఎర్రమ్మ గుర్తొచ్చింది తవిటమ్మకి, గుర్తురావద్దని నలభై ఏళ్ళుగా తోసిపుచ్చుతున్న ఎర్రమ్మ, తన అత్త. ఊళ్ళో ఉన్నప్పటి మాట, తను కొత్తగా ఊడ్పులకి వెళ్ళే రోజులు, నడుం విరిగేలా పనిచేసి ఇంటికొస్తే అరుగుమీద ఎర్రమ్మ పడుకున్న గోనె తడిసి ఉండేది, రోజూ. ఒకరోజు ఆ గోనె నూతికాడికి ఈడ్చుకెళ్ళి, నలుగురు ఆడవాళ్ళ మధ్య, "ముసల్దానికి ఒళ్ళు తెల్దు, రోజూ ఇదే నాకు" అని గట్టిగా అంది. నూతికీ అరుగుకీ ఎంత దూరమని. ఆడవాళ్ళు నవ్వారు, తనూ నవ్వింది. ఆనాటినుంచి ఎర్రమ్మ మంచినీళ్ళు అడగడం మానేసింది. గంజి పోస్తే పైన తేట వంచేసి మెతుకులు మాత్రం నోట్లో పెట్టుకునేది. ఆ వేసవి ఎండల్లో పెదాలు పగిలి పొక్కులు కట్టినా నీళ్ళనలేదు. అప్పుడు తనకి అర్థం కాలేదు, ముసలితనపు చాదస్తం అనుకుంది. ఆసుపత్రినుంచి వచ్చాక తనూ సాయంత్రం కాఫీ సగం తాగి పెట్టేస్తుంటే, గ్లాసు పెదవి దాకా తెచ్చి దించేస్తుంటే, అప్పుడు అర్థమైంది. అత్తా, నన్ను చూడు, నువ్వు నోరెండగట్టుకుని పోయావు, నాకు మాత్రం దేవుడు ఈ పిల్లని ఇచ్చాడు, ఏం చేశానని ఇచ్చాడు. తవిటమ్మ పైట చెంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. కృతజ్ఞత అనే మాట పెద్దది, ఎప్పుడూ వాడింది కాదు, ఇప్పుడు లోపల ఉన్నదానికి ఆ మాట కూడా చాలడంలేదు.

తీగల్లో గలగలమంది. ముఢీ లేచింది. ఒళ్ళు విరుచుకుని, చీరముక్క మీద గుండ్రంగా రెండుసార్లు తిరిగి, తలుపుకి ముక్కు ఆనించి చిన్నగా కుయ్యిమంది. నిద్ర లేచాక ఒకసారి. గడియారం పావుతక్కువ ఐదు. గౌరీ అని పిలవబోయి మానుకుంది తవిటమ్మ. ఇన్నాళ్ళూ తలుపు తీసింది గౌరే, తను వెనకాల నడిచిందంతే. వాకరు మీద బరువు వేసి లేచి, వంగి, గడియ తీసింది. ముఢీ బయటికి దూకి, మామూలుగా అయితే చెట్టుదాకా పరుగెత్తేది, ఇవాళ వెనక్కి చూసి ఆగింది, వాకరు నాలుగు కాళ్ళ మధ్య తనూ నాలుగు కాళ్ళతో నడుస్తూ వచ్చింది. "తొందర పడకు, మనకి జాగా తక్కువ గానీ బుద్ధి నేదా ఏటి" అంది తవిటమ్మ దానితో. పది అడుగులు. ఎండ చల్లబడింది, జామాకుల నీడ ముఢీ వీపుమీద చుక్కలు పెట్టింది. "స్స్‌స్స్" అంది తవిటమ్మ. ముఢీ కాలు మడిచి, ఎక్కడో ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, బొట్టు బయటపడకుండా చెట్టు మొదట్లో పోసేసింది. "నా తల్లే, నా బంగారం" అని మెచ్చుకుంది, ఆ క్షణంలోనే మెచ్చుకోవాలి కదా. మెచ్చుకుంటూ ఉండగానే తెలిసింది, ఆ ఈల ముఢీ ఒక్కదానికే పనిచెయ్యలేదు.

ఇక్కణ్ణించి బాత్రూముకి పది అడుగులు. తనొక్కతే ఆ పది అడుగులూ వెయ్యలేదు, ఇప్పుడు కాదు, మోకాళ్ళు బిగించి నిలబడితే ఆగుతుంది, కదిలితే ఆగదు. సరిగ్గా అప్పుడే గేటు కిర్రుమంది. "అప్పా, ఒచ్చీసినాను" అంటూ బుల్లమ్మ సందులోంచి నడిచి వచ్చి, నెత్తిమీది గంప దించి, అందులో పరిచిన కొత్త తువ్వాలు సరిచేసింది. ఆ గొంతుకి లోపల మంచం చప్పుడైంది, ధర్మలింగం లుంగీ బిగించుకుంటూ ఆవులిస్తూ వరండాలోకి వచ్చాడు. మేడమెట్లు దిగి గౌరి, చేతులనిండా బట్టలు, పైన మడత పెట్టని ఆ దుప్పటి. అందరూ వచ్చేశారు. వేరే రోజైతే తవిటమ్మ ఏమీ జరగనట్టు నిలబడి ఉండేది, ఏమైతే అది అవనీ, చీర ముదురురంగే, మట్టినేలే, కిందనే ఉంది ముఢీ. అవును, కిందనే ఉంది ముఢీ, తన కాలి బొటనవేలు నాకుతూ.

"గౌరీ" అంది తవిటమ్మ. గొంతు తను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "టైమైంది."

"ముద్దాయికా? ఇప్పుడేగదా పోసినాది, సెట్టు కింద తడి కనబడతంది" అన్నాడు ధర్మలింగం.

"ముఢీకి కాదు నాయినా. నాకు." చెప్పేసింది. చెప్పేశాక మిగిలినది చెప్పడం అంత కష్టం కాలేదు. "బుదారం నాడు దివాను తడిపినాది నానే. దాని మీదకి తోసీసి ఊరుకున్నాను. కుక్క తప్పేటీ నేదు."

గౌరి చేతుల్లోని బట్టలన్నీ ధర్మలింగం చేతుల్లో పడేసి పరుగెత్తుకొచ్చి, నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. పది అడుగులు, ఒక్కొక్కటీ ఒక ఊరంత దూరం. తలుపు పడింది. బయట కొళాయి విప్పిన చప్పుడు, బకెట్లో నీళ్ళు దడదడా. వెళ్ళగలిగింది, బొట్టు బయటపడకుండా. తవిటమ్మ గోడకి చెయ్యి ఆనించి, ఏడుస్తూ నవ్వింది.

"అమ్మీ, ఆ నీలు నాకోసమేనా ఇన్నాల్లూ" అని లోపల్నించి అడిగింది.

కొంచెం ఆగి, "బాల్టీ నింపుతన్నాను మా" అంది గౌరి.

బయటికొచ్చేసరికి ధర్మలింగం ఆ బట్టలు గుండెకి హత్తుకుని అలాగే నిలబడి ఉన్నాడు, తల్లి దుప్పటి మడత తన చేతిమీద ఉందని అప్పుడే తెలిసినవాడిలా దాన్నే చూస్తున్నాడు. తవిటమ్మ దగ్గరికి రాగానే, "నాతో ఒక్క మాట సెప్తే పోయీది కదమ్మా" అన్నాడు. "సెప్పలేకపోనాన్రా" అంది. వాడు తల ఊపి, ముక్కు ఎగబీల్చి, వంగి ముఢీ తలమీద చెయ్యి వేశాడు. "ముద్దాయి ఇడుదల" అన్నాడు, నవ్వబోయి నవ్వలేక.

బుల్లమ్మ మాత్రం గంప ముందు పెట్టుకుని కూచుని, గతుక్కుమన్నట్టు చూసింది. "అయితే ఇంక ఇవ్వరా ఏటి అప్పా. నా మనవరాలు రోడ్డుమీద నిలబడుంటాది. నాను మాటిచ్చీసి ఒచ్చినాను." మాటిచ్చింది ధర్మలింగం కూడా. ఇచ్చిన మాట ఇచ్చిందే, చేపల గంపలో పరిచిన కొత్త తువ్వాలు చూస్తే తవిటమ్మకి మనసు కలుక్కుమంది. వాకరుకి నడుం ఆనించి, ముఢీని రెండు చేతులా ఎత్తి బుల్లమ్మ ఒళ్ళో పెట్టింది. "ఇచ్చీసినాం బుల్లమ్మా. ఇప్పుడది నీదే" అంది తవిటమ్మ. అని, కుర్చీ పక్కన తవుడు డబ్బా మూత తీసి, గుప్పెడు తవుడు పట్టి చెయ్యి చాపింది. బుల్లమ్మ ఆ చెయ్యి వంక చూసింది, తవిటమ్మ మొహం వంక చూసింది, పేరు గుర్తొచ్చినట్టుంది, పకపకా నవ్వింది. "మా పెద్దోడూ తవిటయ్యే కదప్పా, నాకు తెల్దా ఏటి" అంటూ కొంగు పట్టింది. తవుడు కొంగులో పడింది, ముఢీ తుమ్మింది. "ఇంక దీన్ని దేముడైనా ఎతకడు. మా కాడ ఈధిలో కుక్క పిల్లల్నెట్టినాది, ఊరోలికి పుట్టినోలు ఊరు ఎరిగినోలు, ఆటిలో ఒకటి మనవరాలికి పట్టుకెల్లి ఇస్తాను" అని ముఢీని తవిటమ్మ చేతుల్లో పెట్టి లేచింది. కొత్త తువ్వాలు మడిచి కుర్చీ చేతిమీద వేసింది. "ఇది ముఢీకే ఉండనీ." గేటు దాకా ధర్మలింగం గంప మోసుకెళ్ళాడు.

సందులో బుల్లమ్మ గొంతు దూరమయ్యేదాకా తవిటమ్మ నిలబడే ఉంది, ఒంటిచేత్తో వాకరు, ఒంటిచేత్తో ముఢీ. గౌరి ముఢీని అందుకుని కింద దించి, కుర్చీని దగ్గరికి లాగింది. లాగి, అత్త భుజం మీద చెయ్యి వేసి, తన భాషలోనే అంది.

"బస, మా."

కూచో అమ్మా అని. తవిటమ్మ తెలుగు చెవికి ఆ మాట ఇంకోలా పడింది, పడవలసినట్టే పడింది. కూచుంది. అదే మాట విన్న ముఢీ కూడా గబగబా తన పెట్టెలోకి వెళ్ళి, వెనక్కి తిరిగి, బుద్ధిగా కూచుంది.